ఆరు ఎకరాల బీడు, అరవై గొర్రెలు: వలస మానుకోవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి మెట్ట. తొమ్మిది ఎకరాల ఎర్ర గరువు నేల ఉంది. మూడెకరాల్లో కంది వేస్తాం, ఆరెకరాలు ఏడేళ్ళుగా బీడు. అరవై జోడిపి గొర్రెలు (నెల్లూరు జాతిలో ఒక రకం), రెండు పొట్టేళ్ళు ఉన్నాయి. బోరు రోజుకు గంట కంటే ఎక్కువ పోయదు. ఏటా మార్చిలో మందను తోలుకుని పెన్నా కింద మాగాణికి పోయి, జూన్ దాటాక వస్తాం. అబ్బాయి పట్నంలో ఉద్యోగానికి పోయాడు, నాకు ఇక తిరిగే ఓపిక లేదు. చేనును కయ్యలుగా విడగొట్టి, మందను దగ్గరగా తోలి, రోజులు లెక్కబెట్టి మారిస్తే ఎడారి కూడా పచ్చబడుతుందని వీడియోల్లో చూశాను. అలా చేస్తే వలస మానుకోవచ్చా? ఎన్ని కయ్యలు? ఏ గడ్డి? సోలార్ కంచె వెయ్యాలా? చేలో పెరిగిన సర్కారు తుమ్మను పీకించాలా?

జవాబు: ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాం. అరవై గొర్రెలతో, ఈ ఆరెకరాల మీద ఆధారపడి వలస పూర్తిగా మానలేరు. రెండు మూడేళ్ళు పని చేస్తే, గొర్రెల సంఖ్య కూడా తగ్గిస్తే, సగానికి సగం తగ్గించుకోవచ్చు. ఎందుకో లెక్కతోనే చూడండి.

ముప్పై కిలోల గొర్రె రోజుకు సుమారు ఒక కిలో మేత తింటుంది, ఎండు బరువులో. పచ్చి గడ్డి బరువులో ముప్పాతిక వంతు నీళ్ళే, కాబట్టి అది లెక్కకు పనికిరాదు. సంక్రాంతి నుంచి జులై మధ్య వరకు, అంటే గడ్డి పెరగని కాలం, 180 రోజులు. 60 గొర్రెలు, 180 రోజులు అంటే 10,800 కిలోల ఎండు మేత.

ఇప్పుడు మీ చేనులో ఎంతుందో కొలవండి. నాలుగు కర్రలు కట్టి మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం చేసుకోండి. డిసెంబరు చివర్లో చేనంతా నడుస్తూ పది చోట్ల విసరండి. చూసి పెట్టకండి, చెయ్యి ఎప్పుడూ గడ్డి బాగున్న చోటికే పోతుంది. చట్రం లోపలి గడ్డిని కొడవలితో నేల మట్టానికి కోసి, వెంపలి, తంగేడు, వయ్యారిభామ లాంటి గొర్రె ముట్టని మొక్కలను ఏరేసి, విరిస్తే పుటుక్కుమనేదాకా రెండు మూడు రోజులు ఎండబెట్టండి. కిరాణా తక్కెడలో తూచి పదితో భాగిస్తే చదరపు మీటరుకు సగటు వస్తుంది. ఆ గ్రాములను నాలుగుతో గుణిస్తే ఎకరానికి కిలోలు. అందులో సగమే గొర్రెకు. మిగతా సగం నేలకు, వేరుకు, చెదలకు.

ఏడేళ్ళ బీడు, ఏడాది పొడుగునా మందలు తిరిగిన నేల కాబట్టి మీకు 60 గ్రాములు వచ్చిందనుకుందాం. ఎకరానికి 240 కిలోలు, సగం 120, ఆరెకరాలకు 720 కిలోలు. మీ మందకు పన్నెండు రోజుల తిండి. పన్నెండు రోజుల గడ్డిని ఎన్ని కయ్యలుగా కోసినా పన్నెండు రోజులే వస్తుంది.

వీడియోల సంగతికి వస్తే, ఈ మాటకు పెద్ద ప్రచారం వచ్చింది 2013లో జింబాబ్వేకు చెందిన ఆలన్ సేవరీ చేసిన టెడ్ ప్రసంగంతో. అంతకు ముందే, 2008లో, అమెరికాలోని బీడు భూముల శాస్త్రవేత్తలు పాత ప్రయోగాలన్నీ సమీక్షించి, పశువుల సంఖ్య ఒకటే అయినప్పుడు కయ్యలు మార్చి మేపిన చోటికీ, మార్చకుండా మేపిన చోటికీ గడ్డి దిగుబడిలో చాలావరకు తేడా కనిపించలేదని తేల్చారు. అందుకని కయ్యల పద్ధతి పనికిరాదని మేము అనడం లేదు. గిట్టల తొక్కుడులో మాయ ఏమీ లేదు. అది ఇచ్చే మేలు ఒక్కటే, మేసిన మొక్కకు తిరిగి లేచే గడువు దొరకడం. గడువు, నోళ్ళ సంఖ్య ఈ రెండూ సరిపోతే కంచె లేకపోయినా నేల కోలుకుంటుంది. ఈ రెండూ తప్పితే కంచె ఖర్చు దండగ.

గడువు విషయంలో మన దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నలభై రోజులు విశ్రాంతి ఇవ్వాలని ఎక్కడో చదివి ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో కూడా నలభై రోజులు లెక్కబెట్టి మళ్ళీ తోలుతారు. తడి లేని నెలలో గడ్డి పెరగదు. ఆ నలభై రోజులు విశ్రాంతి కాదు, కేవలం క్యాలెండరు. నెల్లూరు మెట్టకు వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలదే. మీ గడ్డికి నిజమైన ఎదుగుదల ఆ మూడు నెలలు, ముందు జులై, ఆగస్టు వానలు ఏ మేరకు పడితే ఆ మేరకు. గడువు అప్పుడు ఇవ్వాలి. వాన వెలిశాక ఒక్కో కయ్యను ఒక్కసారే మేపి వదిలెయ్యాలి. రెండోసారి తోలితే గొర్రె తినేది మొదలును.

మొదటి ఏడు చెయ్యాల్సింది ఇదీ. జులై నుంచి డిసెంబరు దాకా ఆ ఆరెకరాల్లోకి ఒక్క గొర్రెనూ మేతకు రానివ్వకండి, సెప్టెంబరులో బోడి మచ్చల మీద రాత్రి మంద కట్టడం తప్ప. పక్కవాళ్ళ మందనూ, ఊరి గొడ్లనూ. చుట్టూ రేగు కంప, తుమ్మ కంపతో దడి కడితే చాలు. ఆ నెలల్లో ఎటూ బయట పోరంబోకులో, చెరువు కట్టల మీద, దారుల పక్క మేత దొరుకుతుంది. గింజ రాలాక, జనవరిలో, ఒక్క దఫా మేపండి. గడ్డి బెత్తెడు మిగలగానే తోలుకుపోవాలి. గొర్రెకు పైపెదవి చీలి ఉంటుంది, గొడ్డు వదిలేసిన మొదలును కూడా అది కొరికి తీస్తుంది. బర్రెలు మేసిన బీడు కంటే గొర్రెలు మేసిన బీడు బోడిగా కనిపించేది అందుకే.

బోడి మచ్చల దగ్గర మీ అరవై గొర్రెలే మీకు పనిముట్టు. గరువు నేలలో వాన దెబ్బకు పైన అట్ట కడుతుంది. గోరుతో లేపితే అప్పడంలా పెళ్ళ లేస్తుంది, కింద పొడి ధూళి. దాని మీద గింజ పడినా నిలవదు, ఈదర గాలికో మొదటి జల్లుకో కొట్టుకుపోతుంది. మందను రాత్రి అలాంటి మచ్చ మీద కట్టండి. గొర్రెకు ఒకటి, ఒకటిన్నర చదరపు మీటరు లెక్కన అరవై గొర్రెలకు రెండు సెంట్లు చాలు. మంద వలతో చుట్టండి. కట్టే ముందు ఎండు గడ్డి, గింజతో ఉన్న అంజన గడ్డి కంకులు, శనక్కాయ కట్టె తుక్కు ఒక పొరగా పరవండి. తెల్లారేసరికి అట్ట పొడి అయి, పెంటికలు, మూత్రం, తుక్కు కలిసి నేలలో కూరుకుని ఉంటాయి. రెండు రాత్రులు, ఎక్కువంటే మూడు. నాలుగో రాత్రి కూడా అక్కడే కడితే మూత్రం ముదిరి మొలక మాడుతుంది, ఆ తర్వాత లేచేది గడ్డి కాదు, వయ్యారిభామ. మంద కట్టడానికి మెట్ట రైతులు కాపరులకు డబ్బూ, గింజలూ ఇవ్వడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. మీరు ఆ ఎరువును వేరేవాళ్ళ చేలకు ఇచ్చి, మీ బీడును బోడిగా ఉంచారు, అంతే. సెప్టెంబరులో, వానకు ముందు ఈ పని చెయ్యండి. పడ్డాక చేస్తే నేల మెదిగి బురద గట్టిపడుతుంది.

గడ్డి విత్తనం ఎంపికలో తంటా ఏమీ లేదు. ఎర్ర గరువుకు, మీ వానకు అంజన గడ్డి, స్టైలో హమాటా అనే మేత మొక్క జోడీ సరిపోతుంది. నేపియర్ లాంటివి నీళ్ళున్నవాళ్ళకు. మీ బోరు గంటసేపే పోస్తుందంటే ఆ నీళ్ళు గొర్రెల తొట్టికే. ఎకరాకు అంజన రెండున్నర కిలోలు, స్టైలో నాలుగు కిలోలు. అంజన గింజ అప్పుడే కోసింది మొలవదు, ఆరేడు నెలలు నిలవ ఉన్నది అడిగి తీసుకోండి. అమ్మేవాడు కొత్త గింజ అని గొప్పగా చెబితే వద్దనండి. స్టైలో గింజ పెంకు గట్టిది. నీళ్ళు మరిగించి దించి, పొగ తగ్గాక, 80 డిగ్రీల దగ్గర గింజను నాలుగు నిమిషాలు ఉంచి, వెంటనే వడగట్టి చల్లనీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. మరిగే నీళ్ళల్లో వేస్తే ఉడుకుతుంది. నీడన ఆరబెట్టి, నాలుగింతలు ఇసుకతో కలిపి చల్లి, పైన కంప లాగండి. నాగలితో కప్పితే పోయినట్టే. సెంటీమీటరు కంటే లోతుకు పోయిన గింజ పైకి రాదు. ఎకరాకు ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తే స్టైలో వేరు పట్టు బాగుంటుంది, అది చిక్కుడు జాతి మొక్క కాబట్టి యూరియా అడగదు.

గింజంతా ఒకేసారి చల్లకండి. సగం ఆగస్టు చివరి జల్లులకు, సగం అక్టోబరు మొదటి వారంలో. ఆగస్టు మొలకను సెప్టెంబరు ఎండ చంపొచ్చు, అక్టోబరు గింజను నవంబరు తుపాను వాన ఊడ్చెయ్యొచ్చు. రెండూ పోయే ఏడు అరుదు. వాలుకు అడ్డంగా పది మీటర్లకొక చాలు నాగలితో తీసి పెడితే, ఊడ్చుకుపోయిన గింజ ఆ చాలు గట్టు దగ్గర ఆగి అక్కడే మొలుస్తుంది. విత్తనం కోసం నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రంలో ముందు అడగండి. ఝాన్సీలోని భారత పశుగ్రాస పరిశోధన సంస్థలో కూడా దొరుకుతుంది.

రెండో ఏడు నుంచి కయ్యలు. ఆరెకరాలను అర ఎకరం చొప్పున పన్నెండుగా గుర్తు పెట్టుకోండి. గట్లు, రాళ్ళ వరుసలు చాలు, గోడలు అక్కర్లేదు. గడ్డి 150 గ్రాములకు వచ్చిందనుకుంటే అర ఎకరంలో 300 కిలోలు ఉంటుంది, తీసుకోదగింది 150. పగలు సగం మేత బయట తిని, సగం ఇక్కడ తింటే మీ మందకు రోజుకు 30 కిలోలు కావాలి. అంటే కయ్యకు ఐదు రోజులు, పన్నెండు కయ్యలకు అరవై రోజులు. ఒక కయ్యకు తిరిగి వచ్చేలోపు యాభై ఐదు రోజుల గడువు. వానకాలంలో అది చక్కగా సరిపోతుంది. మొత్తం మేత ఇక్కడే తినిపిస్తే కయ్యకు రెండున్నర రోజులే వచ్చి, గడువు ముప్పై రోజుల లోపుకు పడిపోతుంది. అంజన మొదలు మెల్లగా చచ్చేది ఆ చోటే. ఏమైనా గడువు పూర్తయిందా అని చూడాల్సింది తేదీని కాదు, గడ్డిని. మూరెడు లేచి, మేసిన పిలకకు మూడు నాలుగు కొత్త ఆకులు వస్తే తోలండి, లేకపోతే దాన్ని దాటి పక్క కయ్యకు పొండి.

ఐదు రోజులు మించకపోవడానికి నట్టలు కూడా కారణం. పెంటికల్లో పడిన గుడ్లు వానకాలపు వెచ్చదనంలో దాదాపు ఐదారు రోజులకు పిల్లపురుగులై గడ్డి ఎక్కుతాయి. ఆలోపు మందను కదిపేస్తే తన పెంటిక పురుగును తానే తినదు. కంటి కింది రెప్ప లాగి చూసే అలవాటు చేసుకోండి. ఎర్రగా ఉంటే మందు అక్కర్లేదు, తెల్లగా పాలిపోతే ఆ గొర్రెకే పొయ్యాలి. మంద మొత్తానికి నెలనెలా పోస్తే మందుకు నట్టలు అలవాటు పడి, కావలసిన రోజున పని చెయ్యదు.

కొత్త కయ్యలో లేత గడ్డి మీదికి ఆకలి మందను తోలితే చిటుక రోగం (పేగుల్లో విషం పుట్టి గొర్రె ఉన్నట్టుండి చచ్చే జబ్బు) వచ్చే ముప్పు ఉంది. ముందు ఎండు మేత కొంచెం పెట్టి, మొదటి రోజు గంట, రెండో రోజు రెండు గంటలు ఇలా పెంచండి. చిటుకకు టీకా వానలకు ముందే వేయించాలి, నీలినాలుకకు కూడా అంతే. నీలినాలుక మన దగ్గర ఈశాన్య వానల్లో దోమల్లాంటి చిన్న ఈగలతో వస్తుంది. కంది పక్కన జొన్న వేసే ఆలోచన ఉంటే నాము (లేత జొన్నలో ఉండే విషం) సంగతి మర్చిపోకండి. ఎండకు వాడి, వానకు మళ్ళీ లేచిన జొన్న పిలకలు, కోసిన మోడు నుంచి వచ్చిన లేత పిలకలు గొర్రెలను గంటలోపు చంపగలవు. పూత దశ దాకా ఆగి కోసి, ఆరబెట్టి వెయ్యండి.

ఇక కంచె. మంద వల, కాపరి ఉంటే ఆరెకరాలకు సోలార్ కంచె తప్పనిసరి కాదు. మీకు తిరిగే ఓపిక లేదన్నారు కాబట్టి తీసుకోవాలనే అనుకుంటే, ఒక కయ్యకు సరిపడా కదిపే సోలార్ కరెంటు వల తీసుకుని దాన్నే మార్చుకుంటూ పొండి. అర ఎకరం చుట్టూ 180 మీటర్లు, రెండు వైపుల దడి ముందే ఉంటే 90 మీటర్లు. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే, కాబట్టి షాక్ బాగానే తగులుతుంది. తంటా నేలతో వస్తుంది. షాక్ కొట్టాలంటే కరెంటు గొర్రె కాళ్ళ గుండా నేలలోకి పోయి, నేలలో దిగగొట్టిన ఇనుప కడ్డీ (ఎర్త్ రాడ్) ద్వారా తిరిగి రావాలి. ఫిబ్రవరి గరువు నేల ఎండి ఇటుకలా ఉంటుంది, దాని గుండా ఏమీ రాదు. జనవరి దాకా కంచెను గౌరవించిన మంద మార్చిలో హాయిగా దాటుకుపోతే యంత్రం పాడైందని అనుకుంటారు. ఎర్త్ రాడ్లు మూడు, మీటరు లోతుకు, మూడు మీటర్ల దూరంలో దిగగొట్టి, వాటి మొదట్లో రోజూ చెంబెడు నీళ్ళు పొయ్యండి. ఎండాకాలానికి ఒక తీగ కరెంటు, ఒక తీగ ఎర్త్ చొప్పున మార్చి మార్చి లాగిన కంచె కావాలి, అప్పుడు గొర్రె రెండూ తాకితే నేలతో పని లేదు. దూరపు కొసన వోల్టేజి మీటరుతో చూడండి, 3,000 వోల్టుల కంటే తగ్గితే గడ్డి తీగకు తగులుతున్నట్టు. నెల లోపు గొర్రెపిల్లలను వలలోకి రానివ్వకండి, తల ఇరుక్కుంటుంది. ఇంటి కరెంటు 230 వోల్టులను నేరుగా తీగకు కలపడం, అడవి పందుల పేరుతో చాలామంది చేస్తున్నారు, అది గొర్రెతో పాటు మనిషినీ చంపుతుంది, కేసు కూడా అవుతుంది.

నీళ్ళ తొట్టి కయ్యల మధ్యలో, నీడన పెట్టండి. ఎండాకాలంలో గొర్రెకు రోజుకు నాలుగైదు లీటర్లు, మీ మందకు దాదాపు 300 లీటర్లు. తొట్టి ఒక మూల ఉంటే పెంటికలన్నీ ఆ మూలే పడి, మిగతా చేను పేదగానే మిగులుతుంది.

ఇప్పుడు అసలు విషయం, గొర్రెల సంఖ్య. మూడో ఏటికి, వాన మరీ తప్పకపోతే, అంజన, స్టైలో కలిసి ఎకరాకు 1,000 నుంచి 1,200 కిలోల ఎండు మేత ఇవ్వొచ్చు. సగం తీస్తే ఆరెకరాలకు 3,000 నుంచి 3,600 కిలోలు. అరవై గొర్రెలకు యాభై అరవై రోజులు, ముప్పై ఆరు గొర్రెలకు ఎనభై నుంచి వంద రోజులు. వానకాలంలో దీన్నెంత తక్కువ ముడితే ఎండాకాలానికి అంత మిగులుతుంది. వలసలో సగం తగ్గుతుందని పైన అన్నది ఈ లెక్కతోనే. మిగతా సగానికి శనక్కాయ కట్టె, మినప పొట్టు, కంది పొట్టు కొని, జనవరిలోనే కొట్టంలో వేసుకోవాలి. ఏప్రిల్లో కొంటే ధర వేరు. గట్ల మీద అవిశ, సుబాబుల్ పెట్టండి. సుబాబుల్ ఆకు మేతలో మూడో వంతు దాటితే వెంట్రుక రాలుతుంది, ఈతలు దెబ్బతింటాయి.

సంఖ్య తగ్గించడం ఏప్రిల్లో చేస్తే అమ్మడం కాదు, వదిలించుకోవడం. డిసెంబరు చివర్లో చట్రం విసిరిన రోజే నిర్ణయం అయిపోవాలి. పళ్ళు రాలినవి, రెండు ఈతలు తప్పినవి, పాలు చాలనివి, నాలుగైదు నెలల పొట్టేలు పిల్లలు, ఇవన్నీ కనుమ గిరాకీకి పోవాలి. దీనికి ఈతల కాలం కూడా కుదరాలి. చూలు ఐదు నెలలు. పొట్టేళ్ళను జులై మధ్యలో కలిపితే డిసెంబరు మధ్యలో, తుపాన్లు తగ్గాక, తల్లికి గడ్డి ఉన్నప్పుడు పిల్ల పడుతుంది. ఆ పిల్లలు కనుమకు లేతవి, వాటిని పెంచి జూన్‌కు ముందు అమ్మాలి. మొదటి ఏడు కనుమకు అమ్మేవి, ఈ పద్ధతికి ముందే చూలు కట్టి జులై, ఆగస్టులో పుట్టినవి. ఏడాది పొడుగునా పొట్టేళ్ళు మందలోనే ఉంటే మార్చిలో ఈనే తల్లులే మీ చేనును ముందు తినేస్తాయి. మిగతా నెలల్లో పొట్టేలు పొట్ట కింద గోనె కట్టడం మీకు కొత్త కాదు.

వలస పూర్తిగా మానకండని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. పెన్నా మీది సోమశిల జలాశయంలో నీళ్ళు బాగా ఉన్న ఏడు డెల్టాలో ఎడగారు (వేసవి వరి) వేస్తారు, కొయ్యకాళ్ళు త్వరగా దున్నేస్తారు, మీకు దొరికే రోజులు తగ్గుతాయి. కరువు ఏడు ఎడగారు ఉండదు, మాగాణి ఖాళీ. అంటే మీ మెట్టకు మేత లేని ఏడే కింద మాగాణిలో మందకు చోటు ఎక్కువ. ఆ దారి మూసుకోకండి. మీరు పోలేకపోతే ఇరవై గొర్రెలను నమ్మకమైన కాపరికి కలిపి పంపే ఏర్పాటు చేసుకోండి. ఈనబోయేవి, పిల్ల తల్లులు మీ చేను దగ్గరే ఉండాలి.

సర్కారు తుమ్మ మొత్తం పీకించకండి. దట్టంగా ఉన్న చోట పొదను నరికి ఒక్కో మొదట్లో ఒక్క కొమ్మ మిగిల్చి, పదిహేను అడుగుల ఎడంతో ఉంచితే నీడా ఉంటుంది, కాయా ఉంటుంది. కింద గడ్డి మొలవడానికి వెలుగూ దిగుతుంది. కాయ ఏప్రిల్, మేలో గొర్రెకు బలమైన తిండే. కానీ గొర్రె గింజను పూర్తిగా నమలదు, పెంటికలో బయటపడి అది ఇంకా త్వరగా మొలుస్తుంది. కాయ తిన్న మందను రాత్రి బోడి మచ్చ మీద కట్టారంటే ఎరువుతో పాటు తుమ్మను కూడా మీరే నాటినట్టు. కాయలను ఏరి, ఎండబెట్టి, గింజ పగిలేలా మరలో ఆడించి, దాణాలో పావు వంతుకు మించకుండా కలపండి. తప్పిపోయి మొలిచిన వాటిని డిసెంబరులో, నేల ఇంకా తడిగా ఉండగా, వేరుతో సహా చేత్తో లాగండి. ఫిబ్రవరికి గునపం కావాలి.